మందుపెట్టె తాళంచెవి

ఆగస్టు 19, మంగళవారం

ఆస్పత్రి జీపు వచ్చి వెళ్ళింది. పద్మ సిస్టర్ మొదట మా అరుగు మీది మందుపెట్టె తాళం లాగి చూసింది, ఆ తర్వాతే నా బీపీ. పోయినేడు పక్కింటి రామాంజి వాళ్ళన్న పురుగుల మందు తాగి పోయాక, ఊళ్ళోని ఆ మందు డబ్బాలేవీ ఇళ్ళలో వద్దని ఆస్పత్రి వాళ్ళు పెట్టిన ఇనుపపెట్టె. తాళంచెవి నా దేవుడి గూట్లో... అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరని సిస్టర్ ధైర్యం.

వెళ్తూ మళ్ళీ చెప్పింది: "అనుమానమొస్తే నేరుగా అడగమ్మా, చచ్చిపోవాలని ఉండాదా అని. అడిగితే తప్పు కాదు."

ఆగస్టు 20

మబ్బు పట్టి గుమ్మఘట్ట వైపు పోయింది. చినుకు లేదు.

ఆగస్టు 22, శ్రావణ శుక్రవారం

దీపం పెట్టి లేస్తుంటే వాకిట్లో రామాంజి. "అక్కా, నా డబ్బా ఇయ్యి. చెనిక్కాయకు కొట్టల్ల."

ఎండిన వేరుశనగ చేలోకి మొన్ననే గొర్రెలను వదిలేశాడు. కొట్టడానికి అక్కడేముంది?

శుక్రవారం, దీపం పెట్టాక ఇంట్లోంచి ఏదీ ఇవ్వనన్నాను.

"మజ్జిగంటే సరే... ఇసానికి గూడా శుక్రవారమేనా అక్కా?" నవ్వాడు. కళ్ళు నవ్వలేదు.

సిస్టర్ చెప్పిన మాట గొంతు దాకా వచ్చింది. దీపం ముందు ఆ మాట... నోరు రాలేదు.

ఆగస్టు 23

మళ్ళీ వచ్చాడు. అమావాస్య, రేపు చూద్దామన్నాను. మెల్లగా అతని భార్య గంగమ్మను కదిలించాను. ఇంట్లో మాటలు లేవట, అతను రెండు పూటలుగా కంచం ముట్టలేదట. అతన్ని కనిపెట్టుకుని ఉండమని ఆమెకు చెప్పాను. సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఆదివారం జీపు లేదు, పొద్దున బస్సుకు వస్తానంది.

వెంకటేశ్వరా, ఆ బస్సు తప్పకుండా చూడు.

ఆగస్టు 24, ఆదివారం

బస్సు ఇంకా రాలేదు. అతను వచ్చేశాడు. పెట్టె పక్కనే కూర్చున్నాడు.

"అమావాస్య గూడా పాయె గదక్కా. ఇంగేం చెప్తావు?"

సాకులేమీ మిగల్లేదు. తాళంచెవి కొంగున ముడి వేసుకుని, ఎదురుగా కూర్చుని అడిగాను. సిస్టర్ చెప్పిన మాటే, ఉన్నదున్నట్టు.

కాళ్ళకంటిన మట్టి దులుపుకున్నాడు. తర్వాత — "సంగటి చేసినావా అక్కా?"

పొయ్యి మీద ఉంది, తిని పోదువుగాని అన్నాను. తలుపు తీసే ఉంచాను, అతని వీపు కనిపిస్తోంది.

ఎసరు కావాలనే ఎక్కువ పోశాను, బస్సు వచ్చేదాకా ఉడకనీ అని.