నట్టులోని గుండ్లు

శేఖర్,

నువ్వు పోయి నేటికి ఏడాది. గద్వాలలో నీ అద్దె షెడ్డు ఈ పొద్దున తెరిచాం. నువ్వు సగంలో వదిలిన ఇనుము చెక్కే చిన్న మిల్లింగ్ మిషన్ నడిస్తే షెడ్డు ఉంచుకుంటానని మీ ఆవిడ సుజాత అంది. టేబుల్‌ను జరిపే బాల్ స్క్రూ, దాని రెండు బేరింగులు బిగించడమే మిగిలింది. నీకు పని నేర్పిన ఖాజా మేస్త్రీని వనపర్తి నుంచి పిలిపించాను.

ఆయన ముందుగా స్క్రూ మీది నట్టు విప్పారు. పాత లేతు మిషన్ల నట్టు అలాగే విప్పి కిరోసిన్‌లో కడగడం ఆయన అలవాటు. ఇది ఊడగానే, స్క్రూ తిరగడానికి ఆధారమైన లోపలి ఉక్కు గుండ్లన్నీ నేల మీద దొర్లిపోయాయి.

“వానికి పని నేర్పింది నేనే. గిది మాత్రం వాడు నాకు చూపియ్యలే బిడ్డా,” అన్నారు మేస్త్రీ.

“ఎన్నుండాలె చాచా?” సుజాత అడిగింది.

“నాకు తెల్వదు. వానికే ఎరుక.”

ముగ్గురం మోకాళ్ల మీద వెతికాం. కొన్ని పక్కనున్న మోరీ కాలువలో పడిపోయాయి. కొత్త నట్టు తెప్పిస్తానన్నాను.

“తెప్పిస్తవు. బిగించేదెవరు, అన్నా?” అంటూ ఆమె షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టింది. “ఓనర్‌కిచ్చెయ్. ఇగ నాతోని గాదు.”

నేను ఇచ్చి వచ్చాను.