కోట రాయికి పూసిన సుద్ద

2002 ఆగస్టు, ఆదివారం

ఇవాళ కొండ మీది కోటకు వెళ్లొచ్చాను.

కోట రెండో వాకిలి దగ్గర శాసనం రాయి మూడు ముక్కలై పడి ఉంది. అది నిలిచిన చోట నిలువెత్తు గొయ్యి, గట్టు మీద కోసిన నిమ్మకాయలు, కుంకుమ. గుప్తనిధి కోసం ఎవరో తవ్వారు.

అక్కడ గొర్రెలు కాసే సుబ్బన్న గొయ్యిలోకి తొంగిచూసి, "ఇది నీ పనే సార్," అన్నాడు. "తెల్లగా గుర్తు పెట్టినావు గదా. సదువుకున్నోడు ఊరికే పెడతాడా, అడుగున ఏమో ఉండాదని ఊర్లో అనుకుంటాండారు."

మార్చిలో అక్షరాలు కనపడక, నేను పాఠాలు చెప్పే బడి నుంచి తెచ్చిన సుద్దముక్క ఆ రాయికి రుద్దింది నేనే. శాసనాలు చదివేవాళ్లు చేసే పనే అది. అందులో ఉన్నదల్లా కొండ కింద చెరువు తవ్వించినవాడి పేరు, కట్ట తెగకుండా చూసుకోమని ఒక మాట. అంతేనని సుబ్బన్నకు చెప్పాను.

"ఆ మాట ఊర్లో చెప్పకపోతివే?" అన్నాడు.

నాకంటే ముందు ఇంకెవరైనా ఆ శాసనం గురించి పత్రికకు రాసేస్తారని దాచుకున్నాను.

ఇంకో సంగతి చెప్పడానికి నోరు రాలేదు. అదే రోజు పడమటి బురుజు వెనక రాయికీ సుద్ద రుద్దాను. రోజూ మధ్యాహ్నం సుబ్బన్న కునుకు తీసేది ఆ బురుజు నీడలోనే. ఆ రాయి అడుగున తవ్వితే బురుజు నిలవదు. తెల్లారకముందే బిందెడు నీళ్లు మోసుకెళ్లి కడిగేయాలి.

అయిదు నెలలు. ఒక్క గట్టి వాన పడి ఉన్నా ఆ సుద్ద దానంతటదే కొట్టుకుపోయేది.