నీలి గీతల అంగీ

బల్మూర్,
12 నవంబర్ 2025

చరణ్ అన్నకు,

పుణెలో పని దగ్గర నీకు ఏ ఆపదా రాకుండా దేవుడు కాయాలని రోజూ కోరుకునే నీ చెల్లి సుప్రియ వందనాలు. అమ్మ, నేను ఉన్నాము. బాగున్నామని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఫోన్‌లో చెప్తే అమ్మ వింటుంది. అందుకే ఉత్తరం.

మా దవాఖానలో కొత్త పద్ధతి వచ్చింది. బీపీ, షుగరు, కొవ్వు, కిడ్నీ, అన్నీ మామూలుగా చేసే పరీక్షలే. ఆ అంకెలు నేను కంప్యూటర్‌లో ఎక్కిస్తే, ఎవరి గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటూ ఉండవచ్చో అది చెబుతుంది. ప్రమాదం ఎక్కువైతే పేరు ఎర్రగా వస్తుంది. నొప్పి రాకముందే తెలుస్తుందని డాక్టరు సుమన మేడం సంతోషం.

పోయిన వారం చర్చి ఆవరణలో క్యాంపు పెట్టాము. నిన్న ఫలితాలు ఎక్కించాను. ఒక్క పేరే ఎర్రగా వచ్చింది. ఇమ్మానుయేల్, బల్మూర్.

మన నాయిన. నిరుడు పత్తిచేనులో గ్యాస్ అనుకుని సోడా తాగి, గట్టు మీదే ఒరిగిపోయిన నాయిన.

పాత జాబితాలో పేరు తీసేయలేదు, అంతవరకు అర్థమైంది. మరి రక్తం ఎక్కడిది? చచ్చిపోయినోళ్ల రక్తం సీసాలోకి రాదు సుప్రియా, అది బతికున్న మనిషిదే, ఆ మనిషికి సంగతి తెల్వదు, జల్ది వెతుకు అన్నది మేడం.

వెతికాను. రక్తం తీసిన రుక్కమ్మ సిస్టర్ అచ్చంపేట నుంచి వచ్చినామె, మన ఊరివాళ్లు ఆమెకు తెలియదు. నేను చేతులు చూస్త గాని మొహాలు చూస్తనా అన్నది. మొహం మీదికి తువ్వాల చుట్టుకున్న మనిషట, మాట్లాడలేదట. నేను పక్క బల్ల దగ్గరే ఉన్నాను. ఎప్పటిలాగే తల ఎత్తలేదు. అమ్మ పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకకపోతే, చేనులో ఉందనుకున్నాను.

వరసలో ఆ మనిషి వెనక నిలబడ్డ బక్కయ్య తాతను అడిగాను. ఆయన కళ్లకు పొరలు. మీ నాయినే గదనే, నీలి గీతల అంగీ తొడుక్కొని వచ్చిండు, పలకరిస్తే పలకలే, సచ్చినంక గర్వమొచ్చింది వానికి అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. సమాధి చేసిన రోజు నుంచి ఆ అంగీ ఇంట్లో లేదు. నువ్వు తీసుకుపోయావా? ఎవరికైనా ఇచ్చావా? ఇస్తే పేరు చెప్పు. ఆ మనిషి ఇప్పుడు ఏ గట్టు మీదో కూర్చుని గ్యాస్ అనుకుంటూ ఉండవచ్చు.

నీ చెల్లి,
సుప్రియ

తా.క. డబ్బాలో వేయడానికి పోయి, వేయకుండానే తిరిగొచ్చి ఉత్తరం మళ్లీ విప్పాను. దారిలో పత్తిచేనులో ఆ అంగీ కనిపించింది. నాయినలాగే నడుం వంచి, ఒక్కో సాలు దాటుతూ, మధ్యమధ్య రొమ్ము పట్టుకుని ఆగుతూ. తువ్వాల తీసి మొహం తుడుచుకుంటే, అమ్మ.

పత్తి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల అంగీ తొడుక్కుంటారని తెలుసు. అమ్మ నాయినది తొడుక్కుంటుందని, నా కంట పడకుండా చేని గుడిసెలో దాస్తుందని తెలియదు. క్యాంపుల నువ్వు అటు పోయినప్పుడు మీ నాయినను రెండుసార్లు పిలిచిండ్రు, ఆయన పేరుకు ఎవ్వరు పలకకపోతే పానం ఒప్పలే బిడ్డా అన్నది. మరి నీ పేరుకు ఎందుకు పలకలేదంటే, నాకేం రోగం అన్నది. ఎర్రగా వచ్చిన సంగతి చెప్పాను. అది మీ నాయినది, నాది కాదు అని నాగర్‌కర్నూల్ పెద్ద దవాఖానకు రానన్నది. ఎంతో బతిమాలితే, ఆయన పేరు మీదనైతే వస్త అన్నది.

రేపు పొద్దున బస్సుకు పోతున్నాము. అంగీ ఉతికి ఆరేసింది.