షవరు తీగ, ఆరు మార్కులు

జూన్ 16, సోమవారం. ఉదయం 5:35

ఇంకా తెల్లారలేదు. భూగోళం కింది సగంలో ఉన్న మాకు జూన్ అంటే నడి చలికాలం, పెరట్లో గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. లాజిస్ ఊరంతా నిద్రపోతోంది. నేను మాత్రం లేచి కూర్చున్నాను!

కారణం: సైన్సులో విద్యుత్తు పాఠానికి నాకు పదికి రెండున్నర వచ్చింది. మళ్ళీ పరీక్ష 27న. ఆరు రావాలి. రాకపోతే 28న మా వీధి జూన్ పండుగలో జరిగే ఉత్తుత్తి పెళ్ళి నాటకంలో నేను పెళ్ళికూతుర్ని కాను. ఇది అమ్మ తీర్పు, దీనికి పైకోర్టు లేదు.

పారిపోబోయే పెళ్ళికొడుకుని ఆపడానికి పెళ్ళికూతురు చెప్పే పన్నెండు పంక్తులూ నేనే రాశాను, ప్రాసలతో సహా. వాటిని ఇంకొకరు చెబుతుంటే నేను కింద నిలబడి చప్పట్లు కొట్టాలా?

శపథం: రోజూ ఐదున్నరకి లేస్తాను. గంట చదువుతాను. రోజుకొక్క విషయం, ఇంట్లో వస్తువులతోనే ప్రయోగం.

ఇవాళ్టి మాట: విద్యుదావేశం. పలికితే నోరు నిండిపోతోంది. బడికి వెళ్ళేలోపు పద్దెనిమిది సార్లు పలికాను.

సాయంత్రం 6:00

ప్లాస్టిక్ దువ్వెనని ఉన్ని టోపీకి రుద్దాను. కాగితం ముక్కలు ఎగిరొచ్చి అతుక్కున్నాయి. అమ్మమ్మ తల దగ్గర పెడితే నాలుగు తెల్లవెంట్రుకలు లేచి నిలబడ్డాయి. విజయం.

జూన్ 17, మంగళవారం. ఉదయం 5:50

ఇరవై నిమిషాలు ఆలస్యం. చలిలో గడియారాలు ముందుకి పరిగెడతాయేమో.

ఇవాళ్టి మాటలు: వాహకం, బంధకం. టార్చిలైటు బల్బు, బ్యాటరీ, రెండు వైర్లు.

చెంచా: వెలిగింది.
రబ్బరు చెప్పు: వెలగలేదు.
పెన్సిల్ ములుకు: వెలిగింది!!
పొయ్యి మీద కాల్చిన పిన్యావ్ గింజ: వెలగలేదు. తినేశాను.
అమ్మమ్మ బంగారు పన్ను: తెలియదు.

అమ్మమ్మ నోరు తెరవనంది. "నా నోరు మీ బడి ల్యాబు కాదే. ఈ పన్ను పనిచేస్తుందో లేదో చూడాలంటే మాంసం ముక్క తెచ్చిపెట్టు."

జూన్ 18, బుధవారం. ఉదయం 6:40

లేవడం ఆలస్యమైంది. కానీ రెండు దుప్పట్ల కింద కళ్ళు మూసుకుని శ్రేణి సంధానం గురించి ఆలోచించాను. అదీ చదువే.

సాయంత్రం 7:15

మా ఇంట్లో ఒక చట్టం ఉంది. షవరులో ఎవరైనా ఉంటే వంటింట్లో ఎవరూ ఓవెన్ వెయ్యకూడదు. మా షవరు నీళ్ళని తన తలకాయలోనే వేడి చేస్తుంది. లోపల తీగచుట్ట, పైన మీట. మీటని 'వేసవి' వైపు తిప్పితే గోరువెచ్చన, 'చలికాలం' వైపు తిప్పితే వేడి. ఏదో ఒక పూట అందరం దాని కిందికి వెళ్ళాల్సిందే. మంచు పడినా మా ఊళ్ళో స్నానం మానరు.

ఈ చట్టం వెనక ఉన్న శాస్త్రం తెలుసుకోవాలనిపించింది. అమ్మ షవరులో ఉండగా ఇస్త్రీపెట్టె వేశాను. ఏమీ కాలేదు. ఓవెన్ కూడా వేశాను. ఇల్లంతా చీకటి.

స్నానాల గదిలోంచి అమ్మ గొంతు చాలా ప్రశాంతంగా వినిపించింది. "తయినారా, నా తల నిండా షాంపూ ఉంది. నేను బయటికొచ్చేలోపు మీటరు దగ్గర స్విచ్ లేపితే బతికిపోతావు."

లేపాను. బతికాను. నేర్చుకున్నది: సమాంతర సంధానంలో వస్తువులు పెరిగేకొద్దీ మొత్తం ప్రవాహం పెరుగుతుంది. అమ్మ కోపం కూడా.

జూన్ 19, గురువారం. ఉదయం 9:30

క్రీస్తు దేహపండుగ, సెలవు. పండుగ రోజు చదవడం పాపమా అని అమ్మమ్మనడిగాను. ఖచ్చితంగా తెలియదంది. ఎందుకొచ్చిన గొడవ, చదవలేదు. నా పన్నెండు పంక్తులూ అద్దం ముందు ఏడుసార్లు చెప్పుకున్నాను. ఆరో పంక్తి దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి.

జూన్ 20, శుక్రవారం. మధ్యాహ్నం 3:00

ఉదయం లేవలేదు. కారణం: రాత్రి ముక్కు దిబ్బడ వేసింది. సాక్షి: ముక్కు.

అయినా ఇవాళ గొప్ప రోజు. మాట: నిరోధం. ప్రవాహానికి తీగ అడ్డుపడుతుంది, అడ్డుపడితే వేడి పుడుతుంది. నా సిద్ధాంతం: తీగ ఎంత పొడుగైతే అడ్డు అంత ఎక్కువ. అడ్డు ఎంత ఎక్కువైతే వేడి అంత ఎక్కువ. అంటే చలికాలం మీట వేస్తే పొడుగాటి తీగ పనిచేస్తుందన్నమాట. ఎంత తేలిక! పుస్తకంలో మిగిలిన తొమ్మిది పేజీలు ఎందుకున్నాయో అర్థం కాలేదు. చదవలేదు.

అమ్మమ్మకి చెప్పాను. జూన్ నెల మొదలైనప్పటినుంచీ నీళ్ళు చాలినంత వేడిగా లేవని గొణుగుతోంది. "అయితే నా షవరుకి ఇంకాస్త తీగ వెయ్యవే" అంది.

జూన్ 21, శనివారం. సాయంత్రం 5:40

అమ్మ సంతకి వెళ్ళింది. మీటరు దగ్గర స్విచ్ దించాను, రబ్బరు చెప్పులు వేసుకున్నాను, స్టూలెక్కాను. అమ్మమ్మ స్టూలు పట్టుకుంది. సామాన్ల డబ్బాలో పాత తీగచుట్టలు బోలెడున్నాయి, మా ఇంట్లో ఏదీ పారెయ్యరు. ఒక ముక్క తీసి ఉన్నదానికి మెలేసి కలిపాను, మూత బిగించాను, స్విచ్ లేపాను.

మొదటి స్నానం అమ్మమ్మకే ఇచ్చాను. గౌరవం కొద్దీ.

ఆ కేక వీధి చివర బేకరీ దాకా వినిపించిందట. అమ్మమ్మ పోంచో కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"వేడి చెయ్యమంటే నన్ను ఏట్లో ముంచావు కదే."

శాస్త్రం నన్ను మోసం చేసింది.

జూన్ 22, ఆదివారం. ఉదయం 11:00

శాస్త్రంతో మాటల్లేవు. పుస్తకం మంచం కింద ఉంది.

అమ్మ పటకారు తీసుకుని స్టూలెక్కింది. నేను వేసిన ముక్క కత్తిరించింది. ఆ చివర నేను మెలేసి పాడుచేసిన అసలు తీగని కూడా వేలెడంత కత్తిరించి మళ్ళీ బిగించింది. అంటే తీగ మొదట ఉన్నదానికంటే పొట్టిదైంది. ఇక చన్నీళ్ళే అనుకున్నాను.

అమ్మమ్మ అరగంట బయటికి రాలేదు. లోపల్నుంచి పొగమంచులా ఆవిరి. ఎర్రగా ఉడికి వచ్చి, "ఇదీ స్నానమంటే. నీ చదువు కంటే మీ అమ్మ పటకారు నయం" అంది.

పొట్టి తీగ. ఎక్కువ వేడి. నాకు బుర్ర పనిచెయ్యలేదు.

జూన్ 24, మంగళవారం. సాయంత్రం 6:30

అమ్మమ్మ మూడో వేడి స్నానం మధ్యలో 'టప్' మని చప్పుడు. తీగ మాడిపోయింది. కొత్తది కొనడానికి అమ్మతో హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్ళాను. కొట్టు ఆదయిర్ మామ మాడిన తీగని వేలికి చుట్టి చూసి నవ్వాడు. తీగ పొట్టిదైతే అడ్డు తగ్గుతుందట, అడ్డు తగ్గితే ప్రవాహం ఎక్కువ పారుతుందట, అందుకే అంత వేడి, అందుకే ఈ చావు. ఈ చలికాలం వీధిలో సగం ఇళ్ళవాళ్ళు మెలేసిన తీగలు పట్టుకొచ్చారట.

పుస్తకం మంచం కింద నుంచి తీశాను. తొమ్మిది పేజీల్లో మొదటి పేజీలోనే ఉంది! ఇంటికొచ్చే వోల్టేజి మారదు, కాబట్టి అడ్డు తగ్గితేనే వేడి పెరుగుతుంది. మిగిలిన ఎనిమిది పేజీలు రేపు.

జూన్ 25, బుధవారం

రేపు.

జూన్ 26, గురువారం. సాయంత్రం 4:00 నుంచి

4:00 చదవడానికి కూర్చున్నాను.
4:05 పెన్సిల్ చెక్కాను.
4:12 పెళ్ళిగౌను కుట్టడం పూర్తయిందని అమ్మ పిలిచింది. చేతులకి లేసు, నడుముకి గళ్ళ రిబ్బను. తొడుక్కుని చూశాను, విప్పబుద్ధి కాలేదు.
6:50 విప్పాను.
7:00 గౌను గురించి ఇంకో నాలుగు పంక్తులు తోచాయి.
8:20 చదివాను. పన్నెండు నిమిషాలు.

జూన్ 27, శుక్రవారం. మధ్యాహ్నం 1:30

మొదటి ప్రశ్న చూసి కుర్చీలోంచి లేవబోయాను. 'షవరు మీటను చలికాలం వైపు తిప్పితే పనిచేసే తీగ పొడవు పెరుగుతుందా, తగ్గుతుందా? కారణం రాయండి. (2 మార్కులు)'

రాశాను. అమ్మమ్మ కేక, అమ్మ పటకారు, ఆదయిర్ మామ వేలు, ఆవిరి. మూడున్నర పేజీలు. తల ఎత్తేసరికి పదిహేను నిమిషాలే మిగిలాయి. మొత్తం ఎనిమిది మార్కులకి ప్రశ్నలు ఇంకా అలాగే ఉన్నాయి.

వాల్దోమిరు మాస్టారు అక్కడికక్కడే దిద్దారు. పరీక్ష రాసిన పదకొండు మందిలో పదిమంది తీగ పెరుగుతుందని రాశారట. నాదొక్కటే ఒప్పు. మొత్తం ఐదున్నర. చివరి నాలుగు ప్రశ్నలు ఖాళీ. అర మార్కు కోసం బతిమాలాను.

"అమ్మాయ్, మీ అమ్మమ్మ పోంచోలో వణికిన చోట నేను పెన్ను పక్కన పెట్టి నవ్వాను" అన్నారు. "కానీ రెండు మార్కుల ప్రశ్నకి రెండే ఉంటాయి."

ఇంట్లో అమ్మ అంత పొడుగు కూడా మాట్లాడలేదు. "ఐదున్నర ఆరు కాదు."

నేను ఏడ్చాను. అమ్మ గౌను మడత పెడుతూ, రేపు ఇది ఎవరికి సరిపోతుందని తనలో తనే అనుకుంది. పొయ్యి దగ్గర గింజలు తిప్పుతున్న అమ్మమ్మ చెయ్యి తుడుచుకుంది.

"ఇటివ్వు. నా పెళ్ళికి మా అక్క గౌనే మడిచి తొడిగారు."

సరిపోయింది. అమ్మమ్మదీ నాదీ ఒకటే కొలత.

జూన్ 28, శనివారం. సాయంత్రం 7:45

డెబ్భై మూడేళ్ళ పెళ్ళికూతురు. పదహారేళ్ళ పెళ్ళికొడుకు, బేకరీవాళ్ళ ఎవెర్టన్. పెళ్ళికొడుకు పారిపోకుండా చెక్కతుపాకీ పట్టుకుని కాపలాగా పెళ్ళికూతురి తండ్రి వేషం. పెళ్ళికూతురు కళ్ళజోడు పెట్టుకోకూడదని అమ్మమ్మ పట్టుబట్టింది, కాబట్టి కాగితం చదవలేదు. నేను మొక్కజొన్న దంట్ల కట్ట వెనక కూర్చుని ఒక్కో పంక్తీ అందించాను.

నాలుగో పంక్తిలో ప్రాస మింగేసింది. ఆరో పంక్తి నేను గుసగుసలాడుతుంటే చెయ్యి వెనక్కి ఊపి నన్ను ఆపింది. ఎవెర్టన్‌ని కిందినుంచి పైదాకా చూసి అడిగింది.

"ఒరే, పారిపోయేముందు చెప్పు. షవరు బాగుచెయ్యడం వచ్చా నీకు?"

చెక్కతుపాకీ కింద పడింది. వీధంతా పడీపడీ నవ్వింది, దంట్ల కట్ట పక్కన నిలబడ్డ అమ్మతో సహా. అంతకుముందు నా ఐదు పంక్తులకీ కలిపి వినబడింది ఒక్క దగ్గే.

మొదట కోపం వచ్చింది. తరవాత ఆ మాటని చేతిలో ఉన్న కాగితం వెనక రాసుకున్నాను. ఎంత చిన్నది. ఒక్క పదం తీయడానికి లేదు.

జూన్ 29, ఆదివారం. సాయంత్రం 5:00

జూలై సెలవుల్లో రెండు వారాలు బడిలోనే ట్యూషను. మళ్ళీ విద్యుత్తు, మొదటినుంచి. చివర్లో ఇంకో పరీక్ష. బాధ లేదు, సిద్ధంగా ఉన్నాను.

కొత్త శపథం:

ఒకటి. రేపటినుంచి ఐదున్నరకి లేవాలి. ఈసారి నిజంగా.

రెండు. ఏ జవాబూ రెండు వాక్యాలు దాటకూడదు. ఈ నియమం చాలా ముఖ్యమైనది. ఎందుకు ముఖ్యమో ఒక్క ముక్కలో చెప్పలేను, ముందు అమ్మమ్మ ఎవెర్టన్‌ని చూసిన ఆ చూపు వర్ణించాలి, దానికంటే ముందు ఆ గౌను చేతుల లేసు గురించి చెప్పాలి. ఇక్కడ చోటు చాలదు. పేజీ తిప్పుతున్నాను.