పేరు కోసేసిన పాట

ఆదివారం, రాత్రి

ఈ రోజు నిజాయితీగా ఒక పని చేశాను. చెయ్యకుండా ఉంటేనే బాగుండేది.

మా మావ తన జట్టుతో గుండెల మీద రేకు తప్పెట వాయిస్తూ, తప్పెటగుళ్ళు ఆడుతూ పాడిన పాట ఏళ్లుగా నా ఫోన్లో ఉంది. గజపతినగరంలో మొబైల్ షాపువాడు మెమొరీ కార్డులోకి ఊరికే ఎక్కించిన కాపీ అది. పాడినవాడికి పైసా ముట్టని పాట వినడం తప్పనిపించింది. పొద్దున్న దాన్ని తీసేసి, పాటలు అమ్మే యాప్‌లో డబ్బు కట్టి అదే పాట దింపుకున్నాను. సాయంత్రం గొప్పగా మావకి వినిపించాను.

చివరిదాకా విని, "పాటంతా ఉన్నాది. నా పేరేదిరా?" అన్నాడు.

ఆఖరి చరణంలో ఊరి పేరు, గురువు పేరు, తర్వాత తన పేరు చెప్పుకుని దణ్ణం పెట్టడం వాళ్ల జట్టు పద్ధతి. అమ్మే పాటలో ఆ చరణమే కోసేశారు. పాడినవారు అన్నచోట ఎవరిదో కంపెనీ పేరుంది. వాళ్లెవరో మావకి తెలీదు.

"డబ్బులెట్టి కొన్నావు గదా, నీ తప్పేటున్నాది" అన్నాడు.

కంపెనీకి రాద్దామంటే రుజువేది? ఆ షాపు మూసేసి చాన్నాళ్లయింది. మావ పేరున్న కాపీని నా చేత్తోనే తీసేశాను.

పోనీ ఆ చరణం మళ్లీ పాడు, రికార్డు చేస్తానన్నాను. మావ గొంతు సవరించుకున్నాడు. ఊరి పేరు పలికాడు. గురువు పేరు దగ్గర దగ్గు అందుకుంది. తన పేరుదాకా పాట ఇంక రాలేదు.