సీసా మీద లేని ఊరు

జహీరాబాద్,
19 జనవరి 2025.

చిరంజీవి గిరీశ్‌కు,

అక్క మహాదేవమ్మ దీవెనలు. ఝరాసంగం సంగమేశ్వరుడి దయవల్ల ఇక్కడ అందరి ఒంట్లో బాగానే ఉంది. న్యాల్‌కల్‌లో మన తోట కూడా బాగుంది, గుత్తులకు తీపి దిగుతోంది. నీ క్షేమం అడగనక్కర్లేదు. మొన్న ఆ కోటులో నిన్ను చూశాను కదా.

ఫోనులో నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. నా గొంతు చిన్నది, నీది పెద్దది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీన్ని మధ్యలో ఆపి “మళ్ల చేస్త అక్కా” అనడానికి లేదు.

ఆరేళ్ల కింద నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు గుర్తుందా? మీ బావ వేయించిన బోరులో ఉప్పు నీళ్లు పడ్డాయి. ఆ నీళ్లకు చెరుకు ఎండింది, అల్లం ఆకు మాడింది. పక్క చేను జగ్గయ్య దారిన పోతూ, “శంకరప్పా, నీ బోరు నీళ్లతోటి పప్పు వండితె ఉప్పు పైసలు మిగులుతయి గదనే!” అని నలుగురిలో నవ్వేవాడు. మీ బావ కూడా అతనితో కలిసి నవ్వేవాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండా లేచిపోయేవాడు. అప్పటికే నువ్వు మహారాష్ట్రలో ఆ వైను కంపెనీకి ద్రాక్ష కొనిపెట్టే ఉద్యోగంలో ఉన్నావు. ఉప్పు నీళ్లకు తట్టుకునే అడవి ద్రాక్ష వేరు మీద తెల్ల వైను రకం అంటు కడితే బతుకుతుందని చెప్పావు.

మెడలో లింగం కట్టుకున్నదాన్ని, మందుకు పంట పండించనని నెల రోజులు మొండికేశాను. అప్పుడు నువ్వేమన్నావు? “అక్కా, సీసా మీద న్యాల్‌కల్ అని రాయిస్త. ఈ చెలక పనికిరాదన్నోళ్ల నోర్లన్ని మూతపడ్తయి” అన్నావు. ఆ మాటకు మీ బావ ముఖంలో వెలుగు చూసి ఒప్పుకున్నాను. నీ ఉద్యోగం చూసి కాదు.

నిరుడు మొదటిసారి మన తోట ద్రాక్షను దేనితోనూ కలపకుండా విడిగా పీపాలో పోశామని నువ్వే చెప్పావు. ఈ నెల ఐదున కంపెనీలో రుచి చూస్తారు, రండి అని నువ్వే పిలిచావు. మీ బావ తలకు కొత్త రుమాలు చుట్టుకుని ఐదు గంటలు బస్సులో వచ్చాడు. మమ్మల్ని చివరి వరసలో కూర్చోబెట్టావు. దానికి నాకేమీ బాధ లేదు. అందరితో పాటు మా ముందూ చెరో గ్లాసు పెట్టారు. మేం ముట్టలేదు.

బొంబాయి నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి గ్లాసు తిప్పాడు, ముక్కు లోపలికి పెట్టి వాసన చూశాడు, నోట్లో పోసుకుని పుక్కిలించి బకెట్టులో ఊశాడు. ఆయన వెనక అందరూ ఊశారు. మెతుకు కిందపడితే కళ్లకద్దుకునే ఇంట్లో పుట్టాం మనం. ఏడాది కష్టం అలా బకెట్టులో పడుతుంటే నా కడుపు మండింది. ఊయకపోతే మత్తెక్కుతుంది, అది వాళ్ల పని పద్ధతి అని నువ్వు చెవిలో చెప్పావు. సరే, ఓర్చుకున్నాను.

ఓర్చుకోలేనిది ఆ తర్వాత జరిగింది. పచ్చి జామకాయ, నిమ్మతొక్క అంటూ ఆయన హిందీలో ఏవేవో చెప్పి, కళ్లు మూసుకుని, చివర్లో సన్నగా ఉప్పు తగులుతోంది, కొండలు దాటి వచ్చిన సముద్రపు గాలి ఇది అన్నాడు. అప్పుడు చూశాను సీసాను. దాని మీద మంచు కప్పిన కొండ బొమ్మ, ఆ కొండల పేరు. న్యాల్‌కల్ ఎక్కడా లేదు. సముద్రమట! మనకు సముద్రం ఎక్కడిది గిరీశ్? మనకున్నది ఎర్రమట్టి, రాళ్లు, మీ బావ బోరు.

మీ బావ సగం లేచి, “సాబ్, వో నమక్ హమారె బోర్ కా...” అంటూ ఆ ఉప్పు మన బోరుదని చెప్పబోయాడు. నువ్వు భుజం నొక్కి, “బావా, జర కూసో. పరువు తియ్యకు” అన్నావు. ఎవరి పరువు? పైగా ఆ పెద్దమనిషి వైపు తిరిగి, అవును సార్, సముద్రపు గాలే అని తలూపావు.

అక్కడి నుంచి వచ్చాక మీ బావ రెండు వారాలుగా తోట వైపే పోవడం లేదు. నీళ్లు నేనే పెడుతున్నాను.

ఫోను చేస్తే నాకే బుద్ధి చెప్పావు. “న్యాల్‌కల్ అంటె ఎవడు కొంటడక్కా? షహర్ల జనాలకు కొండలు గావాలె, మంచు గావాలె. మందు సీసా మీద ఊరి పేరు లేకుంటె నీకే మంచిది గద!” అని నవ్వావు. ఆ నవ్వు జగ్గయ్య నవ్వులాగే ఉంది. దీపం పెట్టిన ప్రతిసారీ ఈ పంటకు నేను దేవుడికి క్షమాపణ చెప్పుకుంటున్నాను. పాపం మా తోటదీ, పేరు ఇంకెక్కడి కొండలదీనా?

ఇప్పుడు విను. వచ్చే నెల మొదటి వారంలో కోత. లారీ పంపే ముందు నువ్వు రా, ఆ కోటు లేకుండా రా. మీ బావ ముందు కూర్చుని, సీసా మీద న్యాల్‌కల్ అని వేయిస్తానని మీ కంపెనీ కాగితం మీద రాసివ్వు. లేదంటే ఒక్క గుత్తి కూడా కోయనివ్వను. ఎండబెట్టి కిస్‌మిస్ చేసి ఝరాసంగంలో అందరికీ పంచిపెడతాను. నేను మాట మీద నిలబడే మనిషినని నీకు తెలుసు.

నీ మేలు కోరుతూనే నీ మీద కోపంగా ఉన్న అక్క,
మహాదేవమ్మ

తా.క.: “నాలుక మీద పెట్టనిదానివి, దాని రుచి గురించి నాతోటి కొట్లాడుతవేంది?” అని కూడా అన్నావు. దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఆ రోజు మీరంతా భోజనాలకు లేచారు. మీ బావ గ్లాసు నిండుగా అక్కడే ఉంది. లింగాన్ని గుప్పిట్లో మూసి, తప్పు క్షమించమని అడిగి, ఒక్క గుక్క నోట్లో పోసుకున్నాను. మొదట చల్లగా, లేత మామిడికాయ కొరికినట్టు పుల్లగా తగిలింది. తర్వాత ఉప్పు. పైపులు పగిలిపోయిన ఎండాకాలంలో ఒక్కో అంటుకూ బిందెతో మోసి పోసిన నీళ్లు అవి, నాకు తెలియవా? బోరు పడిన రోజు మీ బావ ఆ నీళ్లు దోసిట్లో పట్టి, నోట్లో పోసుకుని, ఊసేసి అక్కడే కూలబడ్డాడు.

ఊసేద్దామని నేనూ బకెట్టు మీదికి వంగాను. నా వల్ల కాలేదు తమ్ముడూ. మింగాను.

ఆ తప్పుకు ఐదు సోమవారాలు ఒక్కపొద్దు మొక్కుకున్నాను, రెండు అయ్యాయి. నీ తప్పుకు నువ్వేం చేస్తావో చూసుకో.

మీ బావకు నిన్ననే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఉప్పు తగిలిందన్నానో లేదో, “మనదేనా?” అని అడిగాడు.

మనదే అన్నాను.