త్రాసు మీద కారం డబ్బా

చేపల కంచె శిబిరం, కొడియాక్ దీవి
జూలై 9, మంగళవారం

నికిఫోర్ అన్నయ్యకి,

చెల్లెలు తెక్లా దండాలు. వదిననీ పిల్లల్నీ అడిగానని చెప్పు. ఇక్కడ నేను క్షేమం, ఏటికి ఎదురీదే సాల్మన్ చేపలు క్షేమం. నిన్న ఏటికి అడ్డంగా కట్టిన కంచె దగ్గర పద్నాలుగు వందలు లెక్కపెట్టాం. తక్కిన కబురే బాగాలేదు.

నువ్వు పంపిన ఆర్విడ్‌ని, ఈ ఉత్తరం అందగానే, వచ్చే వారం విమానంలో వెనక్కి పిలిపించు. శిబిరాలన్నీ నీ అజమాయిషీలోవే కదా. ఇద్దరమే ఉండే చోట నమ్మకం లేని మనిషితో నేను వేగలేను.

ఏం చేశాడంటావా? నా వస్తువులు తడుముతున్నాడు. మొన్న పొద్దున నేను కాఫీ పెడుతుంటే, ఎలుగుబంటి మీదికొస్తే కారం చిమ్మే నా స్ప్రే డబ్బాని చేపల త్రాసు మీద పెట్టి తూస్తున్నాడు. అడిగితే, త్రాసు సరిగ్గా ఉందో లేదో చూస్తున్నానన్నాడు. అంత నంగి మొహం నేనెక్కడా చూడలేదు. నేను అటు తిరిగితే చాలు, డబ్బా తగిలించుకునే నా నడుం పట్టీ దగ్గరే తచ్చాడుతున్నాడు. నిన్న అనుమానమొచ్చి డబ్బా తిరగేస్తే, అడుగున గీసుకున్న నా పేరు లేదు. మార్చేశాడు, అన్నయ్యా. నాది కొట్టేసి, పాడైనట్టున్న తనది నాకు అంటగట్టాడు.

దీని వెనక కోపం ఉంది. వచ్చిన రోజున, ఏటా చేసినట్టే, మీట ఒకసారి నొక్కి డబ్బా పనిచేస్తోందని చూసుకున్నాను. నాన్న తుపాకీ పేల్చి చూసుకునేవాడు కదా, ఇదీ అంతే. ఆర్విడ్ చూసి, "అలా నొక్కకు తెక్లక్కా, ఒకసారి నొక్కితే లోపలి గాలి మెల్లగా కారిపోతుంది," అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఈ ఏట్లో నిలబడ్డదాన్ని, నాకు పాఠాలా? నీ డబ్బా ఏమన్నా కొత్త పెళ్ళికూతురా, తాకకుండా దాచుకున్నావని ఆటపట్టించాను. మూతి ముడుచుకున్నాడు. అది మనసులో పెట్టుకున్నాడు.

ఓ తల్లి ఎలుగు పిల్లలతో కంచె దాకా వచ్చిపోతోంది. అది మీదికొచ్చిన రోజున ఈ డబ్బా పనిచేయకపోతే, ప్రమాదమనే అంటారు. ఆర్విడ్‌ని ఎవరూ ఏమీ అడగరు. నాకు భయంగా ఉంది.

నీ చెల్లెలు
తెక్లా

తా.క.: బుధవారం. మధ్యాహ్నం ఆ ఎలుగు మీదికొచ్చింది. ఆర్విడ్ నన్ను వెనక్కి నెట్టి ముందు నిలబడ్డాడు. అతను మీట నొక్కితే నాలుగు చుక్కలు కారి చేతిమీద పడ్డాయి. ఎలుగు అతని భుజం కరిచి పట్టుకుంది. నా చేతిలోది నొక్కాను. కారం మబ్బులా లేచింది. అది తుమ్ముకుంటూ, పిల్లల్ని తోలుకుని పోయింది.

కట్టు కడుతూ అడిగితే అప్పుడు చెప్పాడు. "నీ డబ్బా తూకం సగానికి పడిపోయింది. చెబితే మళ్ళీ నవ్వుతావని మార్చేశాను. గురువారం విమానంలో కొత్తది వస్తుంది కదా అనుకున్నా."

రేపటి విమానంలో అతన్ని ఆసుపత్రికి పంపుతున్నాను. ఈ ఉత్తరం తెస్తున్నది అతనే. చింపేద్దామనుకున్నాను గానీ, పైన రాసినదంతా అతనికి చదివి వినిపించాకే ఇస్తున్నాను. భుజం మానాక వస్తానంటే ఇక్కడికే పంపు. రానంటే, నా తరఫున బతిమాలు.